చల్లదనం కోసం కట్టిన గోపురం

జర్మనీ పశ్చిమ భాగంలో, రూర్ పారిశ్రామిక ప్రాంతానికి తూర్పు అంచున డోర్ట్‌ముండ్ అనే నగరం ఉంది. ఆ నగరపు ప్రధాన రైల్వేస్టేషన్‌కు పడమటి దిక్కున, కూతవేటు దూరంలో, ఇటుక గోడల గోపురం ఒకటి నిలబడి ఉంటుంది. ఎత్తు సుమారు 70 మీటర్లు. దాని శిఖరం మీద బంగారు రంగులో మెరిసే ఒక అక్షరం ఉంది. మనం ఇంగ్లీషులో 'యు' అని చదివే ఆ అక్షరాన్ని జర్మన్లు 'ఊ' అని పలుకుతారు. ఆ ఒక్క అక్షరం ఎత్తే 9 మీటర్లు, అంటే మూడంతస్తుల మేడంత! ఏ దిక్కు నుంచి చూసినా కనబడేలా దాన్ని నాలుగు ముఖాలతో తయారుచేశారు. ఊరివారు ఆ భవనాన్ని 'డోర్ట్‌ముండ్ ఊ' అనే పిలుస్తారు.

కొత్తగా వచ్చినవారు దాన్ని చర్చి అనో, నగరపాలక సంస్థ కార్యాలయం అనో అనుకోవచ్చు. కాని అది ఒకప్పుడు బీరు తయారుచేసే బ్రూవరీలో ఒక భాగం. ఆ భాగంలో బీరును కాచలేదు, సీసాల్లో నింపలేదు. దాన్ని పులియబెట్టి, చల్లగా నిలవ ఉంచారు, అంతే. అంటే ఆ గోపురం ఒక పెద్ద చల్లని గది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఒకదానిపై ఒకటి పేర్చిన చల్లని గదుల వరుస.

బీరు నిలవ చేయడానికి 70 మీటర్ల గోపురం ఎందుకు? నేలమీద నాలుగు షెడ్లు వేస్తే సరిపోదా? ఈ ప్రశ్నకు జవాబు వెదికితే జీవశాస్త్రం, ఉష్ణగతిక శాస్త్రం, భవన నిర్మాణ శాస్త్రం మూడూ ఒకే చోట కలుస్తాయి. ఒక పరిశ్రమ పుట్టి, పెరిగి, వెళ్ళిపోయాక మిగిలిన గోడలను ఏం చెయ్యాలన్న చిక్కు ప్రశ్న కూడా ఎదురవుతుంది. మద్యపానం మంచిదా చెడ్డదా అన్నది ఈ వ్యాసం విషయం కాదు. మన విషయం ఆ కట్టడం, దాని వెనుక ఉన్న విజ్ఞానం.

పులియడంలో పుట్టే వేడి

ఎండాకాలంలో ఇడ్లీ పిండి త్వరగా పులుస్తుందనీ, చలికాలంలో తెల్లవారినా పొంగదనీ మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఇడ్లీ పిండిలో ముఖ్యంగా పనిచేసేవి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియాలు. బీరులో పనిచేసేది ఈస్టు అనే ఏకకణ శిలీంధ్రం. రెంటికీ సూత్రం ఒకటే. సూక్ష్మజీవుల వేగాన్ని ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది.

బీరు తయారీ బార్లీ గింజలతో మొదలవుతుంది. వాటిని నానబెట్టి మొలకెత్తించి ఆరబెడతారు. దీన్నే మాల్టు అంటారు. మొలకెత్తేటప్పుడు గింజలో ఎంజైములు తయారవుతాయి. మాల్టును నలగ్గొట్టి వేడినీటిలో కలిపినప్పుడు ఆ ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. ఈ తీయని ద్రవాన్ని వడగట్టి, హాప్స్ అనే తీగమొక్క పూలు వేసి మరిగిస్తారు. చేదు రుచి, కొంత నిలవ గుణం ఆ పూల వల్లనే వస్తాయి. మరిగిన కషాయాన్ని చల్లార్చి ఈస్టు కలిపితే కిణ్వన ప్రక్రియ మొదలవుతుంది. ఒక గ్లూకోజ్ అణువు రెండు ఇథైల్ ఆల్కహాల్ అణువులుగా, రెండు కార్బన్ డై ఆక్సైడ్ అణువులుగా మారుతుంది. దాంతోపాటు వేడి కూడా విడుదలవుతుంది.

ఈ వేడి ఎంతో మనమే లెక్క వేద్దాం. ఒక కిలో చక్కెర పులిస్తే సుమారు 590 కిలోజౌళ్ళ వేడి పుడుతుందని బీరు తయారీదారులు లెక్కగడతారు. ఒక లీటరు కషాయంలో 80 గ్రాముల చక్కెర పులిసిందనుకుందాం. అప్పుడు పుట్టే వేడి సుమారు 47 కిలోజౌళ్ళు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.2 కిలోజౌళ్ళు చాలు. కాబట్టి ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే కషాయం తనంతట తానే 11 డిగ్రీలు వేడెక్కుతుంది! లీటరు గిన్నెలో అయితే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. పదివేల లీటర్ల తొట్టిలో అలా కాదు. పరిమాణం పెరిగినంతగా ఉపరితలం పెరగదు గనుక వేడి లోపలే చిక్కుకుపోతుంది.

వేడెక్కితే నష్టమేమిటి? ఇది ఈస్టు రకాన్ని బట్టి ఉంటుంది. పాతకాలపు ఈస్టు 15 నుంచి 25 డిగ్రీల మధ్య చురుకుగా పనిచేసి, చివరికి నురగతో పాటు పైకి తేలుతుంది. దక్షిణ జర్మనీలోని బవేరియా ప్రాంతంలో మరొక రకం వాడుకలోకి వచ్చింది. అది 5 నుంచి 10 డిగ్రీల చలిలో నింపాదిగా పనిచేసి, పని ముగిశాక తొట్టి అడుక్కు దిగిపోతుంది. దానితో చేసిన బీరును దాదాపు సున్నా డిగ్రీల వద్ద కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు నిలవ ఉంచితే మడ్డి అంతా కిందికి పేరుకుని, ద్రవం తేటపడుతుంది. నిలవ గిడ్డంగిని జర్మన్ భాషలో 'లాగర్' అంటారు. ఆ బీరుకు లాగర్ అనే పేరు అలా వచ్చిందే. చలిలో చెడగొట్టే బాక్టీరియాలు పెరగలేవు కాబట్టి ఇది ఎక్కువ కాలం చెడకుండా ఉండేది.

ఈ ఈస్టు పుట్టుపూర్వోత్తరాలు చాలాకాలం తెలియలేదు. అది రెండు జాతుల సంకరమనీ, ఒకటి మామూలు ఈస్టు అనీ గ్రహించినా, చలికి తట్టుకునే రెండో జాతి ఏదో అంతుపట్టలేదు. చివరికి దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో, బీచ్ జాతి చెట్ల మీద ఆ రెండో జాతిని కనుగొన్నట్లు 2011లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. తర్వాత టిబెట్‌లోనూ, ఐర్లండ్‌లోనూ అది దొరికింది.

మంచును నిలవ చేసిన రోజులు

చలి కావాలంటే యంత్రాలు లేని కాలంలో ఏం చేసేవారు? మొదటి ఉపాయం ఎండాకాలంలో పని మానుకోవడం. బవేరియాలో 1553లో వచ్చిన శాసనం ప్రకారం సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 వరకు మాత్రమే బీరు కాచాలి. వేసవికి కావలసిన బీరును ముందే తయారుచేసి దాచుకోవాలి. ఎక్కడ దాచాలి? భూమి లోపల. నేలలో కొన్ని మీటర్ల లోతుకు వెళితే ఏడాది పొడవునా ఉష్ణోగ్రత పెద్దగా మారదు. అందుకే బ్రూవరీలు లోతైన నేలమాళిగలు తవ్వాయి. మ్యూనిక్ నగరంలో వాటిపైన గుర్రపు చెస్ట్‌నట్ చెట్లు నాటారు. వెడల్పాటి ఆకులు నేలమీద ఎండ పడనివ్వవు. ఆ చెట్ల నీడలో బల్లలు వేసి బీరు అమ్మడం మొదలుపెట్టారు. నేడు పర్యాటకులు చూడబోయే మ్యూనిక్ బీరు తోటలకు మూలం ఇదే.

నేలమాళిగ చల్లగా ఉంటుందేగాని సున్నా డిగ్రీలకు దిగదు. అందుకు మంచుగడ్డ కావాలి. చలికాలంలో చెరువులు గడ్డకట్టినప్పుడు రంపాలతో మంచును కోసి, బండ్లకెత్తి, నేలమాళిగల పక్కనున్న గదుల్లో కుక్కేవారు.

మన లెక్కను మళ్ళీ చూద్దాం. ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ళ వేడిని పీల్చుకుంటుంది. భౌతికశాస్త్ర పాఠంలో దీన్నే ద్రవీభవన గుప్తోష్ణం అని చదువుకుంటాం. లీటరు కషాయం పులియడంలో పుట్టే 47 కిలోజౌళ్ళను తీసివేయడానికి 140 గ్రాముల మంచు కావాలి. పదివేల లీటర్ల తొట్టికి దాదాపు ఒక టన్నున్నర. ఆ తర్వాత నెలల తరబడి నిలవ ఉంచడానికి కావలసిన మంచు దీనికి అదనం. పెద్ద బ్రూవరీకి ఏటా వేల టన్నుల మంచు కావలసి వచ్చేదంటే ఆశ్చర్యం లేదు. చలికాలం సరిగా రాకపోతే ఆ ఏడాది మంచు లేదు, మంచు లేకపోతే బీరూ లేదు.

ఆ రోజుల్లో మంచు ఖండాంతరాలు దాటి వెళ్ళే సరుకు. అమెరికాలోని బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో సుమారు 180 టన్నుల మంచును ఓడకెత్తించి కలకత్తా పంపాడు. నాలుగు నెలల ప్రయాణం తర్వాత కూడా అందులో దాదాపు 100 టన్నులు కరగకుండా చేరాయి. మద్రాసు సముద్రతీరాన ఇప్పటికీ నిలిచి ఉన్న 'ఐస్ హౌస్' ఆ వ్యాపారం కోసం కట్టిన మంచు గిడ్డంగే. 1897లో స్వామి వివేకానంద అందులో బసచేయడంతో నేడది వివేకానంద భవనంగా ప్రసిద్ధి చెందింది.

మంచు కాలం మన వాడుకలో మరొక గుర్తు మిగిల్చింది. ఎయిర్ కండిషనర్ కొనేటప్పుడు 'ఒక టన్ను', 'ఒకటిన్నర టన్ను' అంటాం. అది యంత్రం బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను, అంటే 907 కిలోల మంచు 24 గంటల్లో కరిగితే ఎంత చల్లదనం ఇస్తుందో ఆ యంత్రం అంత చల్లదనం ఇస్తుందని అర్థం. గుణించి చూస్తే ఇది సుమారు మూడున్నర కిలోవాట్లు.

ప్రొఫెసర్ లిండే యంత్రం

ఈ మంచు బాధ నుంచి బ్రూవరీలను విముక్తి చేసినవాడు కార్ల్ ఫాన్ లిండే. 1842లో పుట్టిన ఈయన మ్యూనిక్ సాంకేతిక విద్యాలయంలో ఆచార్యుడు. డీజిల్ ఇంజన్ సృష్టికర్త రుడాల్ఫ్ డీజిల్ ఈయన శిష్యుడే. వేడిని యంత్రాలతో ఎలా తీసివేయవచ్చో వివరిస్తూ లిండే 1870, 1871 సంవత్సరాల్లో వ్యాసాలు ప్రచురించాడు. వాటిని శ్రద్ధగా చదివినవారిలో బీరు తయారీదారులున్నారు. మ్యూనిక్‌లోని ష్పాటెన్ బ్రూవరీ యజమాని గాబ్రియెల్ జెడ్‌ల్‌మయర్ తన ప్రాంగణంలో ప్రయోగాలు చేసుకోనిచ్చాడు.

మట్టికుండలో నీరు చల్లబడటానికి కారణం మనకు తెలుసు. కుండ రంధ్రాల్లోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి నుంచి వేడిని లాక్కుంటుంది. లిండే యంత్రం చేసేదీ ఇంచుమించు ఇదే. తేడా ఏమిటంటే అందులో ఆవిరైనదాన్ని గాలిలో కలిసిపోనివ్వరు. తక్కువ పీడనంలో ఒక ద్రవాన్ని గొట్టాల్లో ఆవిరి చేస్తారు. అది చుట్టుపక్కల వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని పంపుతో నొక్కితే పీడనంతో పాటు ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. అప్పుడు మామూలు నీటితో చల్లబరచినా అది తిరిగి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవాన్ని మళ్ళీ తక్కువ పీడనంలోకి వదులుతారు. చక్రం ఇలా తిరుగుతూనే ఉంటుంది. చల్లని గదిలోని వేడిని తోడి బయట పారబోసే ఏతం వంటిదన్నమాట!

లిండే తొలి యంత్రంలో మిథైల్ ఈథర్ వాడాడు. పిస్టన్ కడ్డీ కదిలేచోట ఆ వాయువు కారకుండా ఆపడం పెద్ద తలనొప్పి అయింది. రెండో నమూనాలో అమోనియాకు మారాడు. వాతావరణ పీడనం వద్ద అమోనియా మైనస్ 33 డిగ్రీలకే మరుగుతుంది. పైగా ఆవిరయ్యేటప్పుడు చాలా వేడిని పీల్చుకుంటుంది. ఈ యంత్రం ఒకటి 1877లో ట్రీయెస్ట్ నగరంలోని డ్రేయర్ బ్రూవరీకి చేరింది. 1879లో లిండే తన సొంత కంపెనీ స్థాపించాడు. 1883-84 చలికాలం వెచ్చగా గడిచి సహజమైన మంచు కరువయ్యేసరికి, అంతవరకు సందేహించిన బ్రూవరీలు కూడా యంత్రాల కోసం బారులు తీరాయి. గుంటూరు ప్రాంతంలో మిర్చి నిలవచేసే శీతల గిడ్డంగుల్లో నేటికీ పనిచేస్తున్నది అమోనియాయే.

భవనాలకు సంబంధించి ఇక్కడొక పెద్ద మార్పు వచ్చింది. చల్లదనం కోసం భూమిలోకి దిగవలసిన అవసరం తీరిపోయింది. యంత్రం ఉంటే చల్లని గదిని ఎక్కడైనా కట్టవచ్చు, ఆకాశంలో కూడా!

బొగ్గు, ఉక్కు, బీరు

ఇక డోర్ట్‌ముండ్‌కు వద్దాం. ఆ నగరానికి రాజు అడాల్ఫ్ 1293లో బీరు కాచే హక్కు ఇచ్చాడు. అయిదు శతాబ్దాలకు పైగా అక్కడ తయారైంది పాతరకం బీరే. బవేరియా పద్ధతి 1840ల్లో వచ్చింది. అదే కాలంలో రూర్ ప్రాంతంలో బొగ్గు గనులు లోతుకు దిగాయి, ఉక్కు కొలుములు లేచాయి, రైలు మార్గాలు అల్లుకున్నాయి. కొలిమి వేడిలో, గని దుమ్ములో పనిచేసే వేలాది కార్మికులు బీరుకు గిరాకీ తెచ్చారు. నగరం పేరు చెప్పగానే బొగ్గు, ఉక్కు, బీరు అని మూడు మాటలు వరుసగా వినబడేవి.

1873లో ఒక పాత బ్రూవరీని వాటాదారుల కంపెనీగా మార్చి డోర్ట్‌ముండ్ ఊనియోన్ బ్రూవరీని స్థాపించారు. మన ఇంగ్లీషు మాట 'యూనియన్' ఇదే. గోపురం మీది అక్షరం ఈ పేరులోని మొదటి అక్షరం. ఫ్రిట్జ్ బ్రింకాఫ్ అనే నిపుణుడి చేతిలో కంపెనీ పెరిగింది. ఆ నగరపు బ్రూవరీలు రూపొందించిన బీరు రకం దూరప్రాంతాలకు ఎగుమతి కావడంతో దానికి 'ఎక్స్‌పోర్ట్' అనే పేరే స్థిరపడింది.

1920ల నాటికి రైనిష వీధి పక్కనున్న బ్రూవరీకి స్థలం చాలలేదు. ఒక వైపు నగరం, మరోవైపు రైలు మార్గం. పక్కకు పెరగడానికి వీల్లేదు. అప్పుడు ఎమిల్ మోగ్ రూపకల్పనలో 1926-27లో కాంక్రీటు చట్రం, ఇటుక ముఖంతో పులియబెట్టే, నిలవచేసే గోపురం లేచింది. డోర్ట్‌ముండ్‌లో మొదటి బహుళ అంతస్తుల ఎత్తైన భవనం అదే.

పైకి కట్టడం వల్ల స్థలం ఒక్కటే కాక మరో మూడు లాభాలున్నాయి. మొదటిది గురుత్వాకర్షణ. ద్రవాన్ని ఒకసారి పై అంతస్తుకు పంపుచేస్తే, ఆ తర్వాతి దశలకు అది తన బరువుతోనే కిందికి దిగుతుంది. పంపులు తక్కువైతే కుదుపు తక్కువ, శుభ్రపరచవలసిన గొట్టాలూ తక్కువ.

రెండోది జ్యామితి. 8000 ఘనపు మీటర్ల చల్లని చోటు కావాలనుకుందాం. నాలుగు మీటర్ల ఎత్తుతో ఒకే అంతస్తుగా పరిస్తే నేల, కప్పు, గోడలు కలిపి సుమారు 4700 చదరపు మీటర్ల ఉపరితలం వస్తుంది. అదే పరిమాణాన్ని 20 మీటర్ల భుజం గల ఘనంగా కడితే 2400 చదరపు మీటర్లే. బయటి వేడి లోపలికి చొరబడే దారి దాదాపు సగానికి తగ్గిందన్నమాట. యంత్రం నడవడానికి కాల్చే బొగ్గు కూడా ఆ మేరకు ఆదా అవుతుంది.

మూడోది ప్రచారం. కంపెనీ పేరు రాయడానికి ఊరంతటికీ కనబడే గోడ దొరికింది. అవసరం కోసం కట్టిన గిడ్డంగి నగరానికి గుర్తుగా మారింది.

అయితే ఎత్తు ఊరికే రాదు. నీటి సాంద్రతతో లెక్కిస్తే మూడు మీటర్ల లోతున బీరు నిండిన తొట్టి కింద ప్రతి చదరపు మీటరు మీద మూడు టన్నుల బరువు పడుతుంది. ప్రదర్శనశాల వంటి చోట జనం కిక్కిరిసినా నేలను సాధారణంగా అర టన్నుకు మించి లెక్కవేయరు. అలాంటి బరువులను అంతస్తుల మీద అంతస్తులుగా మోయాలంటే ఉక్కు కడ్డీల కాంక్రీటు కావాలి. శీతలీకరణ యంత్రం లేనిదే, కాంక్రీటు లేనిదే ఈ గోపురం లేదు.

వైభవం, క్షీణత

రెండో ప్రపంచయుద్ధంలో డోర్ట్‌ముండ్ ఘోరంగా దెబ్బతిన్నది. 1945 మార్చి 12న ఒక్కరోజే వెయ్యికి పైగా బ్రిటిష్ విమానాలు దానిపై బాంబులు కురిపించాయి. నగరం నడిబొడ్డు దాదాపు నేలమట్టమైంది. గోపురం మాత్రం నిలిచింది. యుద్ధానంతర పునర్నిర్మాణంలో గనులు, కొలుములతో పాటు బ్రూవరీలూ పుంజుకున్నాయి. 1968లో ఎర్న్‌స్ట్ నాయ్‌ఫెర్ట్ రూపొందించిన బంగారు అక్షరాన్ని శిఖరం మీద నిలిపారు. భవనాల కొలతలపై 1936లో ఆయన ప్రచురించిన గ్రంథం నేటికీ ప్రపంచమంతటా వాస్తుశిల్ప విద్యార్థుల చేతిపుస్తకం.

అక్షరం వెలిగిన కొద్ది ఏళ్ళకే పరిస్థితి తిరగబడింది. జనం రుచి 'ఎక్స్‌పోర్ట్' నుంచి మరింత చేదైన 'పిల్స్' రకం వైపు మళ్ళింది. బ్రూవరీలు ఒకదానిలో ఒకటి కలిసిపోసాగాయి. ఊనియోన్ కంపెనీ 1970ల మొదట్లో బెర్లిన్‌కు చెందిన షుల్‌థైస్‌తో కలిసింది. సాంకేతిక శాస్త్రం కూడా గోపురానికి ఎదురుతిరిగింది. ఆరుబయట నిలబెట్టే, శంకువు అడుగు గల పొడవాటి స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులు వచ్చాయి. ప్రతి ట్యాంకు చుట్టూ దాని సొంత శీతల కవచం ఉంటుంది. ఇక చల్లని గది ఎందుకు? చల్లని భవనం ఎందుకు? ఒకప్పుడు నేలమాళిగను అనవసరం చేసిన శీతలీకరణ శాస్త్రమే ఇప్పుడు గోపురాన్నీ అనవసరం చేసింది.

1994లో అక్కడ బీరు తయారీ ఆగిపోయింది. నగరంలోని చివరి బొగ్గుగని 1987లోనే మూతపడింది. ఉక్కు కొలుములు కూడా 2001 నాటికి చల్లారాయి. కొన్ని ఉక్కు యంత్రాలను చైనా కంపెనీ విప్పి, ఓడలకెత్తి తీసుకుపోయింది. మూడు మాటల నగరానికి ఆ మూడూ దాదాపుగా దూరమయ్యాయి. తరతరాలుగా వాటినే నమ్ముకున్న కుటుంబాలకు ఇది కేవలం ఆర్థిక సమాచారం కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఖాళీ గోపురాన్ని ఏం చెయ్యాలి?

మూతపడ్డ బ్రూవరీ ఆవరణ నగరం నడిబొడ్డున ఖరీదైన భూమి. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో చుట్టూ ఉన్న భవనాలను కూల్చేశారు. గోపురం మాత్రం రక్షిత కట్టడం కావడంతో బతికింది. కొన్నేళ్ళు అది చదును చేసిన నేల మధ్య ఒంటరిగా, ఖాళీగా నిలబడింది.

2010 సంవత్సరానికి రూర్ ప్రాంతం ఐరోపా సాంస్కృతిక రాజధానిగా ఎంపికైంది. ఆ సందర్భంగా గోపురాన్ని కళా కేంద్రంగా మార్చాలని నిర్ణయించారు. గెర్బర్ ఆర్కిటెక్టెన్ అనే స్థానిక సంస్థ రూపకల్పన చేసింది. బీరు తొట్లకోసం కట్టిన బలమైన నేలలు శిల్పాలకూ, జనానికీ సునాయాసంగా సరిపోతాయి. చిక్కంతా మరోచోట ఉంది. గిడ్డంగిలో ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు ప్రయాణించేది ప్రధానంగా ద్రవం. దానికి గొట్టం చాలు. మనుషులు ప్రయాణించాలంటే దారి కావాలి, వెలుతురు కావాలి, అగ్నిప్రమాదం వస్తే బయటపడే మార్గం కావాలి. అందుకని లోపల కొంతమేర అంతస్తులను తొలిచి, కింది నుంచి పైదాకా నిలువుగా ఒక విశాలమైన ఖాళీని సృష్టించి, ఎస్కలేటర్లు అమర్చారు. ఒకప్పుడు బీరు పైనుంచి కిందికి దిగిన భవనంలో ఇప్పుడు సందర్శకులు కింది నుంచి పైకి ఎక్కుతారు.

నగరపు ఆధునిక కళా సంగ్రహాలయం 'ఓస్ట్‌వాల్' ఇందులోకి మారింది. విశ్వవిద్యాలయ విభాగాలు, మాధ్యమ కళల సంస్థ చేరాయి. శిఖరం కింది భాగంలో ఆడోల్ఫ్ వింకెల్‌మాన్ అనే సినిమా దర్శకుడు కాంతి దీపాలతో కదిలే బొమ్మలను ఏర్పాటు చేశాడు. ఆవరణలో బ్రూవరీ కట్టడాలు కూలిన చోట వృత్తివిద్యా కళాశాలలు లేచాయి. ఖర్చు మొదటి అంచనాలను మించిపోయిందన్న విమర్శలు కూడా గట్టిగానే వచ్చాయి.

ఇది విజయమా? భవనం వరకు చూస్తే అవుననే చెప్పాలి. కాని ఒక్క విషయం మరువరాదు. బీరు కాచిన గది, యంత్రశాల, గుర్రపుశాల, సీసాలు నింపే షెడ్డు వంటివన్నీ కలిస్తేనే బ్రూవరీ. వాటిలో ప్రతిదీ పక్కదాని పనిని వివరిస్తుంది. గోపురం ఒక్కటే మిగిలినప్పుడు అది అందమైన గుర్తు అవుతుందేగాని, తన కథ తాను చెప్పుకోలేదు. అది చల్లని గది అన్న సంగతి దాని గోడల మీద కనబడదు. ఆ కథ తెలుసుకోవాలంటే నగరంలో వేరొక పాత బ్రూవరీ యంత్రశాలలో నెలకొల్పిన బ్రూవరీ మ్యూజియంకు వెళ్ళాలి. గోడలను కాపాడటం ఎంత ముఖ్యమో, వాటి మధ్య జరిగిన పనిని గుర్తుపెట్టుకోవడమూ అంతే ముఖ్యం.

పాత కట్టడాలను మనం సాధారణంగా రాజుల పేర్లతో, శైలుల పేర్లతో పరిచయం చేసుకుంటాం. కర్మాగారాల భవనాలను మాత్రం వాటిలోని భౌతికశాస్త్రంతో చదవాలి. గోడ ఎందుకు మందంగా ఉంది? కిటికీలు ఎందుకు తక్కువ? కప్పు ఎందుకు అంత ఎత్తు? నేల ఎందుకు అంత బలం? మీ ఊళ్ళో మూతపడ్డ మిల్లు, ఐసు ఫ్యాక్టరీ, గిడ్డంగి ఏదైనా ఉంటే ఈ ప్రశ్నలు వేసి చూడండి. అందులో పనిచేసినవారు ఇంకా ఉంటే వారినే అడగండి. గోడలు మరికొంత కాలం నిలుస్తాయి, జవాబులు చెప్పగలిగిన మనుషులు అంతకాలం ఉండరు.